సూర్యుని వేడికి మైనపు గాదె

(ఖరగ్‌పూర్‌లో తెలుగు విద్యార్థులు, రైల్వే ఉద్యోగుల కుటుంబాల వారి ఎదుట చేసిన ప్రసంగ పాఠం)



రైల్వే పట్టణంలో చేసే ప్రసంగాన్ని రైలుపెట్టెతో ఆరంభించడం సముచితం. 19వ శతాబ్దంలో ఇంగ్లండులోని రైలుపెట్టెలకు వెచ్చదనమిచ్చే ఏర్పాటు చాలాకాలం ఉండేది కాదు. చలికాలంలో ప్రయాణికుల పాదాల క్రింద వేడినీళ్లు నింపిన రేకు డబ్బాలను ఉంచేవారు. ఆ నీళ్లు కొద్దిసేపటికే చల్లారిపోయేవి. ఆ శతాబ్దం చివరి భాగంలో డబ్బాలలో నీటికి బదులు సోడియం అసిటేట్ అనే లవణాన్ని నింపి మూత బిగించే పద్ధతి వాడుకలోకి వచ్చింది. ఆ డబ్బాను మరిగే నీటిలో ఉంచితే లోపలి లవణం 58 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద కరిగేది. ప్రయాణంలో అది మెల్లమెల్లగా తిరిగి గడ్డకడుతూ, కరగడానికి తాను పుచ్చుకొన్న వేడినంతా తిరిగి ఇచ్చేది. అందువలన నీళ్ల డబ్బా కంటె లవణపు డబ్బా చాలా ఎక్కువసేపు వెచ్చగా ఉండేది.

ఒక పదార్థం కరిగేటప్పుడు వేడిని దాచుకొని, గడ్డకట్టేటప్పుడు దానిని విడిచిపెడుతుంది. రైలు ప్రయాణికుల పాదాలను కాచిన ఈ ధర్మమే నేడు సూర్యుని వేడిని రాత్రికి దాచే ప్రయత్నాలకు మూలమైనది. అందుకు పనికివచ్చే పదార్థాలలో మైనాలు ముఖ్యమైనవి. తేనెపట్టు నుండి, లక్క నుండి, తవుడు నుండి లభించే సహజ మైనాలకు ఈ విషయంలో ఎంతవరకు స్థానమున్నది, ఎక్కడ లేదు అనేదే ఈ ప్రసంగ విషయం.

సూర్యుని లోపం

భారతదేశంలో అధిక భాగంలో చదరపు మీటరు నేలపై సగటున రోజుకు 4 నుండి 7 యూనిట్ల సౌరశక్తి పడుతున్నది. ఇందులో కొరత ఏమీ లేదు. లోపమల్లా వేళ కుదరకపోవడమే. సూర్యుడు మధ్యాహ్నం ఇచ్చే వేడి మనిషికి తెల్లవారుజామున కావాలి. స్నానానికి వేడినీళ్లు, టీ దుకాణంలో మరిగే నీళ్లు, హాస్టలు వంటగదిలో పొద్దున్నే వెలిగే పొయ్యి — ఇవన్నీ సూర్యోదయానికి ముందటి అవసరాలు. పంట ఒక్కసారే చేతికి వచ్చినా ఇంటిల్లిపాదీ ఏడాది పొడుగునా తినాలి గనుక రైతు ధాన్యానికి గాదె కట్టుకొన్నాడు. వేడికి కూడ అటువంటి గాదె ఒకటి కావాలి.

ఇంతవరకు ఎక్కువగా వాడుకలో ఉన్న గాదె నీళ్ల తొట్టి. మేడలపై కనిపించే సౌర జలతాపకాలన్నీ వేడినీటిని ఉన్ని వంటి ఉష్ణనిరోధక పదార్థం చుట్టిన తొట్టిలో దాచేవే. నీరు చౌక, నిరపాయకరం. అయితే నీటి తొట్టిలో వేడి వాడుకొంటున్నకొద్దీ ఉష్ణోగ్రత దిగిపోతూ ఉంటుంది. ఒకే ఉష్ణోగ్రత వద్ద చాలాసేపు వేడి కావలసిన పనులకు ఇది చాలదు.

నెయ్యి పేరుకొన్నప్పుడు

విద్యార్థులు పాఠ్యపుస్తకాలలో ‘ద్రవీభవన గుప్తోష్ణం’ అనే మాటను చదివే ఉంటారు. మాట బరువైనదే గాని విషయం వంటింటిలోనిదే. శీతాకాలపు ఉదయాన కొబ్బరినూనె సీసాలో గడ్డకట్టి ఉంటుంది. ఎండలో పెడితే కరుగుతుంది. అది కరుగుతున్నంతసేపు ఎండ వేడిని తీసుకొంటూనే ఉంటుంది గాని దాని ఉష్ణోగ్రత మాత్రం సుమారు 24 డిగ్రీల వద్దనే దాదాపు నిలిచి ఉంటుంది. తీసుకొన్న వేడి అంతా గడ్డను నూనెగా మార్చడానికే ఖర్చవుతుంది. ధర్మామీటరుకు కనిపించని వేడి కాబట్టి అది గుప్తోష్ణం. నూనె తిరిగి పేరుకొనేటప్పుడు ఆ వేడి అంతా బయటపడుతుంది.

కిలో మంచు కరగడానికి 334 కిలోజౌళ్ల వేడి పడుతుంది. కిలో తేనెమైనం కరగడానికి సుమారు 170 నుండి 200 కిలోజౌళ్లు పడుతుంది. కిలో నీటిని ఒక్క డిగ్రీ వేడిచేయడానికి 4.2 కిలోజౌళ్లు చాలు.

ఈ అంకెలను చూచి కొందరు మైనం నీటికంటె ఎన్నో రెట్లు మెరుగైనదని తొందరపడి ప్రకటిస్తారు. లెక్క వేసి చూడాలి. 25 డిగ్రీల నుండి 80 డిగ్రీల వరకు వేడిచేస్తే కిలో నీరు 231 కిలోజౌళ్లు దాచుకొంటుంది. అంతే మేర వేడిచేసిన కిలో మైనం, కరిగే వేడి కూడ కలుపుకొని, సుమారు 290 కిలోజౌళ్లు దాచుకొంటుంది. అనగా లాభం పావువంతు మాత్రమే. అంత స్వల్ప లాభానికి మైనం కొనడం వ్యర్థం. కాని పని జరగవలసిన ఉష్ణోగ్రత పది డిగ్రీల హద్దులోనే ఉండాలనుకొందాం. అప్పుడు కిలో నీరు ఇవ్వగలిగేది 42 కిలోజౌళ్లు. ఆ హద్దులో కరిగే మైనమైతే కిలోకు సుమారు 200 కిలోజౌళ్లు ఇస్తుంది. ఇక్కడ లాభం దాదాపు ఐదు రెట్లు. కనుక మైనం విలువ ఎక్కువ వేడిని దాచడంలో కంటె, కావలసిన ఉష్ణోగ్రత వద్ద వేడిని నిలిపి ఉంచడంలోనే ఉన్నది. ఈ రంగంలో అడుగుపెట్టే ప్రతి విద్యార్థీ మొదట గ్రహించవలసిన విషయమిది.

డోవరు ఇంటి పాఠం

1948లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో డోవర్ అనే ఊర ఒక ఇల్లు కట్టబడింది. దాని సౌరతాపన విధానాన్ని రూపొందించినది మారియా టెల్కెస్ అనే శాస్త్రజ్ఞురాలు. ఇంటి నిర్మాణ రూపశిల్పి ఎలినార్ రేమాండ్, ఖర్చు భరించినది అమీలియా పీబాడీ. ముగ్గురూ స్త్రీలే. ఆ ఇంటి గోడల మధ్య డబ్బాలలో సుమారు 21 టన్నుల గ్లాబర్ లవణాన్ని నింపారు. అది 32 డిగ్రీల వద్ద కరిగి, రాత్రి గడ్డకడుతూ గదులను వెచ్చబరచేది.

మొదటి రెండు చలికాలాలు ఇల్లు బాగానే వెచ్చగా ఉన్నది. మూడవ చలికాలంలో ఏర్పాటు విఫలమయింది. మాటిమాటికీ కరిగి గడ్డకట్టడం వలన లవణం, నీరు వేరుపడి పొరలు పొరలుగా విడిపోయాయి. గడ్డకట్టవలసినప్పుడు కట్టక, ఇవ్వవలసిన వేడిని ఇవ్వలేకపోయింది. లోహపు డబ్బాలు కూడ తుప్పు పట్టి కారసాగాయి.

ఆ వైఫల్యం వృథా పోలేదు. వేడిని దాచే పదార్థానికి గుప్తోష్ణం ఎక్కువగా ఉంటే చాలదు, వేలసార్లు కరిగినా గుణం మారకుండా ఉండాలని అది నేర్పింది. మైనాల వైపు దృష్టి మళ్లడానికి ఇది ఒక ముఖ్య కారణం. మైనం విడిపోదు, లోహాన్ని పెద్దగా తినదు, కరిగే ఉష్ణోగ్రత కంటె ఎక్కువ చల్లబడకుండానే గడ్డకడుతుంది. పెట్రోలియం నుండి తీసే పారఫిన్ మైనం ఈ కారణాల వలన ప్రపంచమంతటా ప్రయోగాలలోకి వచ్చింది. అయితే పెట్రోలియం తవ్వితే తరిగిపోయేది, భారతదేశం అధిక భాగం దిగుమతి చేసుకొనేది. కొమ్మపై, పుట్టపై, పొలంలో ఏటేటా పుట్టే మైనాలు ఆ స్థానాన్ని కొంతైనా ఆక్రమించగలవా అన్నది సహజంగా వచ్చే ప్రశ్న.

దేశీయ మైనాలు

తేనెమైనం ఈ దేశానికి కొత్తది కాదు. బాంకుడా జిల్లా బిక్నా గ్రామంలో డోక్రా కళాకారులు మైనంతో బొమ్మ చేసి, దానిపై మట్టి పూసి, మైనాన్ని కరిగించి తీసివేసి, ఆ ఖాళీలో ఇత్తడి పోస్తారు. ఆదిలాబాదు అడవుల ప్రాంతంలోని ఓజా కళాకారులు కూడ అదే విద్యను అదే క్రమంలో చేస్తున్నారు. వారి భాష వీరికి రాదు, వీరి భాష వారికి రాదు. మైనం మాత్రం ఇద్దరి చేతిలోనూ ఒకే విధంగా కరుగుతున్నది. పూర్వం కోరమాండల్ తీరపు కళంకారీ అద్దకంలో నీలిరంగు అంటరాదనుకొన్న చోట మైనం పూసేవారు. జావా నుండి వచ్చిన బాతిక్ విద్య 20వ శతాబ్దంలో శాంతినికేతనంలో వేళ్లూనింది. అక్కడా మైనమే ఆధారం. ఇంత పాత పరిచయం గల పదార్థానికి ఇప్పుడొక కొత్త పని అప్పగించబడుతున్నది.

తేనెమైనం 62 నుండి 64 డిగ్రీల వద్ద కరుగుతుంది. స్నానపు నీటికి 45 డిగ్రీలు చాలు గనుక ఆ పనికి అది ఎంతో అనుకూలం. లక్కలో సుమారు ఇరవయ్యవ వంతు మైనం ఉంటుంది. అది 70 డిగ్రీలు దాటిన తరువాత కరుగుతుంది. ఖరగ్‌పూర్‌కు పొరుగున ఉన్న పురులియా జిల్లా, జార్ఖండ్ అడవులు లక్కకు ప్రసిద్ధమైనవి. 1924లోనే రాంచీ సమీపాన నాంకుంలో లక్క పరిశోధనా సంస్థ నెలకొన్నది. తవుడునూనె శుద్ధిచేసేటప్పుడు అడుగున దిగే తవుడుమైనం సుమారు 77 నుండి 82 డిగ్రీల వద్ద కరుగుతుంది. చక్కెర మిల్లులలో చెరకు రసం వడకట్టగా మిగిలిన మడ్డిలో కూడ ఇటువంటి గట్టి మైనం ఉన్నది.

వీటిలో దేనిని ఎంచుకోవాలి? ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. తేనెటీగలు కిలో మైనం తయారుచేయడానికి ఆరు నుండి ఎనిమిది కిలోల తేనె తింటాయని అంచనా. సుందరవనాలలో ప్రాణాలకు తెగించి అడవికి వెళ్లే మౌలీలకు, విశాఖపట్టణంలో 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థకు తేనె అమ్మే మన్యపు గిరిజనులకు మైనం విలువైన పంట. మందులు, లేపనాలు, కొవ్వొత్తులు, డోక్రా బొమ్మలు — ఇన్నింటికీ ఆ మైనమే కావాలి. ప్రతి ఇంటి మేడపైనా యాభై కిలోల తేనెమైనం పెట్టాలంటే తేనెపట్లకు ముప్పు, పేద కళాకారునికి ధర భారం. కాబట్టి తేనెమైనాన్ని ప్రయోగశాలకు, చిన్న పరికరాలకు పరిమితం చేసి, పెద్ద పనులకు ఇతర పరిశ్రమల వ్యర్థంగా మిగిలే మైనాలను చూడడం వివేకం. అందులో తవుడుమైనానికే మొదటి స్థానం.

ఉప్పుడు బియ్యం లెక్క

వంగదేశం ఉప్పుడు బియ్యం దేశం. తెలంగాణలో యాసంగి వడ్లు మండుటెండలలో కోతకు వస్తాయి గనుక పచ్చిబియ్యంగా మర ఆడిస్తే నూక ఎక్కువగా పోతుంది. అందుచేత అక్కడ కూడ చాలా భాగం ఉప్పుడు బియ్యంగానే మారుతున్నది. వడ్లను నానబెట్టి, ఆవిరి పట్టి, ఎండబెట్టి దంచితే వచ్చేదే ఉప్పుడు బియ్యం. చన్నీటిలో నానబెడితే ఒకటి నుండి మూడు రోజులు పట్టి, పులిసిన వాసన వస్తుంది. 65 నుండి 70 డిగ్రీల వేడినీటిలో నానబెడితే మూడు నాలుగు గంటలలో పని పూర్తయి, బియ్యానికి వాసన రాదు. ఒకే ఉష్ణోగ్రత కొన్ని గంటలసేపు నిలవాలి. మైనానికి సరిగా ఒప్పే పని ఇదే.

క్వింటాలు వడ్లకు సుమారు 120 లీటర్ల నీరు కావాలి. నీటిని, వడ్లను కలిపి 25 నుండి 70 డిగ్రీలకు తేవడానికి సుమారు 30,000 కిలోజౌళ్ల వేడి పడుతుంది. పల్లెలోని మామూలు కట్టెల పొయ్యిలో కట్టె వేడిలో ఎనిమిదో వంతు మాత్రమే గిన్నెకు చేరుతుందనుకొంటే, దీనికి దాదాపు 15 కిలోల కట్టె కాలాలి. పెద్ద మిల్లులకు ఊక ఉన్నది. వడ్ల బరువులో అయిదో వంతు ఊకే. వారి బాయిలర్లకు సౌరతాపకం తప్పనిసరి కాదు. కాని పెరట్లో వడ్లు ఉడికించుకొనే ఇల్లాలికి, చిన్న సహకార సంఘానికి ఆ 15 కిలోల కట్టె అనగా శాల అడవికి ఒక పూట నడక, కళ్లలో పొగ, తలపై మోపు. ఈ శాస్త్రం ఎవరికి ఉపకరించాలో ఇక్కడే తేలుతున్నది.

ఈ 30,000 కిలోజౌళ్లనూ మైనంలోనే దాచాలంటే, కిలోకు 180 చొప్పున, 167 కిలోల మైనం కావాలి. అది దండుగ. 60 డిగ్రీల వరకు వేడిని నీటి తొట్టిలోనే నిలవచేసి, చివరి పది డిగ్రీల మెట్టును మాత్రం మైనానికి అప్పగిస్తే సుమారు 40 కిలోలు చాలు. టన్ను వడ్లలో సుమారు 60 కిలోల తవుడు, అందులో దాదాపు 10 కిలోల నూనె, ఆ నూనెలో సుమారు 300 గ్రాముల మైనం ఉంటాయి. కనుక 40 కిలోల మైనం 130 టన్నుల పైచిలుకు వడ్ల తవుడు నుండి వస్తుంది. గంటకు రెండు టన్నులు ఆడే మిల్లు అయితే అది కొద్ది రోజుల పని. పైగా ఈ మైనం కట్టె వలె కాలిపోయేది కాదు. ఒకసారి గొట్టాలలో నింపి మూస్తే, పగలు కరుగుతూ రాత్రి గడ్డకడుతూ సంవత్సరాల తరబడి పనిచేయవలసినది. వరి గింజ పైపొర నుండి వచ్చిన మైనమే వరిని ఉడికించడానికి తోడ్పడడం ముచ్చటైన విషయం.

ఋతువు కూడ సహకరిస్తున్నది. వంగదేశపు ప్రధాన పంట అయిన ఆమన్ వరి నవంబరు, డిసెంబరు నెలలలో కోతకు వస్తుంది. అప్పుడు ఆకాశం నిర్మలంగా ఉంటుంది. బోరో వరి కోతలు వేసవి ఎండలలో జరుగుతాయి. ఎండ కావలసినప్పుడే ఎండ ఉంటుంది. వానాకాలపు మబ్బులలో మాత్రం ఈ ఏర్పాటుపై ఆశ పెట్టుకోరాదు. మైనపు గాదె ఒక రాత్రికి సరిపోయేది, ఒక ఋతువుకు సరిపోయేది కాదు.

తీరవలసిన చిక్కులు

మైనానికి గుణాలు చెప్పిన నోటితోనే దోషాలు కూడ చెప్పాలి. మొదటిది, అది వేడిని చాలా మెల్లగా పోనిస్తుంది. రాగి ఉష్ణవాహకత మైనం కంటె వెయ్యి రెట్లకు పైగా ఎక్కువ. గడ్డకట్టిన మైనపు పొర గొట్టం లోపలి గోడకు అంటుకొని, మధ్యలోని వేడిని బయటికి రానివ్వదు. అందుకే సన్నని గొట్టాలు వాడడం, అల్యూమినియం రెక్కలు అమర్చడం, గ్రాఫైట్ పొడి కలపడం వంటి ఉపాయాలు పన్నుతున్నారు. రెండవది, కరిగినప్పుడు మైనం సుమారు పదో వంతు ఉబ్బుతుంది. గొట్టంలో ఖాళీ వదలకపోతే అతుకు పగులుతుంది. మూడవది, అది మండే పదార్థం. మంట దగ్గరకు రానీయరాదు. నాలుగవది, సహజ మైనం ఒకే పదార్థం కాదు, అనేక పదార్థాల మిశ్రమం. అందువలన ఒకే బిందువు వద్ద కాక కొన్ని డిగ్రీల మేర కరుగుతుంది. ఊరు మారితే, శుద్ధి మారితే ఆ హద్దు కూడ మారుతుంది. చివరిది, తవుడుమైనాన్ని కరిగించాలంటే తాపకంలో 90 డిగ్రీల దాకా వేడి పుట్టాలి. మామూలు పలక తాపకానికి అది కష్టం, శూన్యనాళికల తాపకం కావాలి. వడ్లకు చివర ఆవిరి పట్టడానికి ఎటూ పొయ్యి తప్పదు. కట్టె మిగిలేది నానబెట్టే దశలోనే.

ఈ చిక్కులలో తీర్చరానివి లేవు. కాని తీర్చకుండా ప్రచారం చేస్తే డోవరు ఇంటికి పట్టిన గతే పడుతుంది.

పాఠశాలలో చేయదగిన ప్రయోగం

ఉపాధ్యాయుని పర్యవేక్షణలో విద్యార్థులు దీనిని స్వయంగా పరీక్షించవచ్చు. పరీక్షనాళికలో కొంత తేనెమైనం వేసి, దానిని వేడినీటి పాత్రలో నిలిపి కరిగించాలి. మైనాన్ని నేరుగా మంటపై ఎన్నడూ వేడిచేయరాదు. కరిగిన మైనంలో ధర్మామీటరు ఉంచి, నాళికను బయటికి తీసి, నిమిషానికొకసారి ఉష్ణోగ్రతను వ్రాసుకోవాలి. అంతే పరిమాణంలో వేడినీటిని మరొక నాళికలో పోసి దాని ఉష్ణోగ్రతను కూడ వ్రాయాలి. రెండింటినీ గ్రాఫు కాగితంపై గీస్తే నీటి గీత ఆగకుండా క్రిందికి దిగుతుంది. మైనపు గీత 62 డిగ్రీల ప్రాంతంలో కొంతసేపు చదునుగా సాగి, తరువాత దిగుతుంది. గుప్తోష్ణం కంటికి కనిపించేది ఆ చదునైన చోటే.

ఊరు, పని

ఖరగ్‌పూర్ పని కోసం పుట్టిన ఊరు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో నాటి గంజాం, విశాఖపట్టణం జిల్లాల నుండి తెలుగువారు వచ్చి ఇక్కడి కర్మాగారంలో ఇనుము కరిగించారు, బాయిలర్లు బిగించారు. తరువాత రాష్ట్రపతి అయిన వి. వి. గిరి ఇక్కడి రైల్వే కార్మికుల పక్షాన నిలిచి కార్మికోద్యమాన్ని నడిపారు. 1931లో ఇద్దరు రాజకీయ ఖైదీలు తుపాకి గుండ్లకు బలియైన హిజ్లీ నిర్బంధ శిబిరపు భవనంలోనే 1951లో దేశపు మొదటి ఐ.ఐ.టి. వెలసింది. వరి శుద్ధి ఇంజనీరింగుపై పరిశోధనకు ఆ సంస్థలో ప్రత్యేక కేంద్రం ఏర్పడింది. ఈ ప్రాంతపు తెలుగువారి భాషకు పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం 2020 డిసెంబరులో అధికార భాషగా గుర్తింపునిచ్చింది.

ఉష్ణం నడిపిన యంత్రాలతో తరాల తరబడి బ్రతికిన పట్టణమిది. ఆవిరి ఇంజనులో వేడి వృథా కాకుండా కాపాడడం ఎంత కష్టమో ఇక్కడి వృద్ధ కార్మికునికి పుస్తకం చదవకుండానే తెలుసు. గొట్టం అతకడం, అతుకు పరీక్షించడం, రేకుకు రెక్కలు తీర్చడం ఆయన చేతి విద్య. వడ్లు ఎంతసేపు నానాలో చుట్టుపక్కల మేదినీపుర పల్లెల్లోని వంగ ఇల్లాలికి తెలుసు. ఉష్ణపు లెక్క వేయగల విద్యార్థి ఈ ఊరి కళాశాలలోనే ఉన్నాడు. ఈ ముగ్గురూ ఒక్కచోట కూర్చుంటే మైనపు గాదె మొదటి నమూనా తయారు కావడానికి మరొక ఊరి వైపు చూడవలసిన అవసరం లేదు. 40 కిలోల మైనం, నాలుగు చదరపు మీటర్ల తాపకం, ఒక తొట్టి, ఒక క్వింటాలు వడ్లు — ఆరంభానికి ఇంతే కావాలి. ఆమన్ కోతలు రాకముందే ఆ పని మొదలుపెట్టడం మంచిది.